పాత థియేటర్‌లో నైట్ క్లబ్ పెట్టాలంటే ముందు పైకప్పు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. బెంగళూరు కంటోన్మెంట్ వైపు మూతపడిన ఒక పాత సింగిల్ స్క్రీన్ థియేటర్ లీజుకి వస్తోంది. బాల్కనీతో కలిపి ఎనిమిది వందల సీట్ల హాల్. మీరు ముగ్గురు స్నేహితులు కలిసి దాన్ని నైట్ క్లబ్ చేద్దామనుకుంటున్నారు. డిజైనర్ ఇచ్చిన ప్లాన్‌లో బాల్కనీ కొట్టేసి, మధ్యలో కొత్త స్లాబ్ వేసి రెండు అంతస్తులు చేస్తే ఏరియా రెట్టింపవుతుందని ఉంది. ఇది చెయ్యొచ్చా, ఎంతవుతుంది, ఇక్కడ కుదరకపోతే చెన్నైలో ఇలాంటిదే వెతుక్కోవచ్చా అని అడిగారు.

హాళ్లలో సౌండ్, స్టేజ్, లైటింగ్ పనులు చేయించడం నా వృత్తి. మాది మదనపల్లె, కానీ పనంతా బెంగళూరులోనే. కల్యాణ మండపాలు, ఆడిటోరియంలు, పబ్బులు, పాత సినిమా హాళ్లు అన్నీ చూశాను. హాల్ చూడకుండా ఎంతవుతుందో చెప్పడం సరికాదు, చెప్పను. చెయ్యొచ్చా అంటే, తప్పకుండా చెయ్యొచ్చు. ఆ స్లాబ్ మాత్రం వెయ్యకండి. దయచేసి వెయ్యకండి.

ఎందుకంటే థియేటర్‌కి మీరు కట్టే అద్దెలో అసలు విలువ దాని ఎత్తుది. ఇందిరానగర్‌లోనో కోరమంగలలోనో కమర్షియల్ బిల్డింగ్‌లో ఒక ఫ్లోర్ తీసుకుంటే పదకొండు, పన్నెండు అడుగుల ఎత్తు దొరుకుతుంది, ఏసీ డక్టులు పోయాక తొమ్మిదే మిగులుతుంది. మధ్యలో స్తంభాలు. లైట్ కిరణం నాలుగడుగులు పోగానే ఎవరి తలకో తగులుతుంది. సినిమా హాల్‌లో ఒక్క స్తంభం అడ్డం లేకుండా మూడు నాలుగు అంతస్తుల ఖాళీ ఉంటుంది. ఎక్కడ నిలబడినా చూపు ఒకే వైపు పోయేలా కట్టారు. అలాంటి గది ఈ రోజు బెంగళూరు నడిబొడ్డున కొత్తగా కట్టించాలంటే ఎవరి తరమూ కాదు. దాన్ని స్లాబ్‌తో రెండు ముక్కలు చేస్తే మీకు మిగిలేది రెండు మామూలు పబ్బులు.

బయటి దేశాల్లో ఈ పని బాగా చేసినవాళ్లు ఏం చేశారో చూడండి. న్యూయార్క్‌లో స్టూడియో 54 అసలు 1927లో గాలో ఒపేరా హౌస్‌గా కట్టిన భవనం. తర్వాత సీబీఎస్ అనే రేడియో, టీవీ కంపెనీ వాళ్ల స్టూడియో అయింది. 1977లో క్లబ్ అయినప్పుడు వాళ్లు స్టేజీని తియ్యలేదు. స్టేజీ మీదే జనాన్ని ఆడించారు. నాటకాల సెట్లు పైనుంచి దించే తాళ్ల ఏర్పాటుని అలాగే ఉంచి, దాంతోనే డాన్స్ ఫ్లోర్ మీదికి బొమ్మలు, లైట్లు దించేవారు. బాల్కనీ సీట్లు కూడా ఉంచారు. అంత జాగ్రత్తగా వాడారు కాబట్టే 1998లో అది మళ్లీ నాటకశాల అయింది, ఇప్పటికీ బ్రాడ్‌వే థియేటర్‌గా నడుస్తోంది. లండన్ కామ్డెన్‌లోని కోకో ఇంకా పాతది. 1900లో నాటకశాలగా మొదలై, సినిమా హాల్, బీబీసీ రేడియో స్టూడియో అయి, 1977లో మ్యూజిక్ మెషీన్, 1982లో కామ్డెన్ ప్యాలెస్, 2004లో కోకో అని పేర్లు మార్చుకుంటూ వచ్చింది. 2020 జనవరిలో మరమ్మతులు జరుగుతుండగా పైకప్పు మీద నిప్పంటుకుని గుమ్మటం కాలిపోయింది. దాన్ని మళ్లీ కట్టుకుని 2022లో తెరిచారు. అంతస్తులు అంతస్తులుగా ఉన్న ఆ బాల్కనీలే ఇవాళ్టికీ దాని అందం.

మన ఊళ్లోనే చూడాలంటే రెసిడెన్సీ రోడ్, బ్రిగేడ్ రోడ్ కలిసే మూలన ఉన్న ఒపేరా హౌస్ చూసి రండి. 2018లో శాంసంగ్ వాళ్లు దాన్ని బాగు చేసి షోరూంలా తెరిచారు. లోపల అమ్మేది ఫోన్లే అయినా, ఆ గది ఆకారాన్ని నిలబెట్టారు. ఎంజీ రోడ్ ప్లాజా, బ్రిగేడ్ రోడ్ రెక్స్, గాంధీనగర్ కపాలి, వీటికి ఆ అదృష్టం పట్టలేదు. అందుకే మీలాంటివాళ్లు ఒక హాల్‌ని నిలబెడతామంటే నాకు నిజంగా సంతోషం. నా దృష్టిలో క్లబ్ అయినా సరే, కూలగొట్టడం కంటే వెయ్యి రెట్లు నయం.

ఇప్పుడు అసలు సమస్యకి వద్దాం: పైకప్పు.

మన పాత హాళ్లలో గోడలు గట్టివి. రాయో, ఒకటిన్నర ఇటుక గోడో ఉంటుంది. పైన మాత్రం ఇనుప ట్రస్సులు (కప్పుని మోసే త్రికోణపు చట్రాలు), వాటి మీద సిమెంట్ రేకు లేదా మంగళూరు పెంకు, కింద పల్చటి ఫాల్స్ సీలింగ్. సినిమాకి ఇది చాలు. క్లబ్‌కి చాలదు. శబ్దాన్ని ఆపేది ముఖ్యంగా బరువు. అడ్డుగా ఉన్నదాని బరువు రెట్టింపైతే కాగితం మీద ఆరు డెసిబెల్స్ తగ్గుతాయి. ఒకటిన్నర ఇటుక గోడ చదరపు మీటరుకి ఆరు వందల కిలోల పైచిలుకు తూగుతుంది. సిమెంట్ రేకు పదిహేను కిలోలు కూడా ఉండదు. అంటే గోడకీ కప్పుకీ ముప్పై డెసిబెల్స్ తేడా. మీరు గోడల మీద ఎన్ని లక్షలు పోసినా శబ్దం పైనుంచి వెళ్లిపోతుంది.

అందులోనూ క్లబ్‌లో ఆపడం కష్టమైనది బేస్, అంటే గుండెల్లో దడదడలాడే లోతైన శబ్దం. 50 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు. డిజైనర్ చూపించే రెండంగుళాల ఫోమ్ దాన్ని కనీసం గుర్తించదు. ఆ ఫోమ్ లోపలి గలగలని తగ్గిస్తుంది, అంతే. శబ్దం బయటికి పోకుండా ఆపడం వేరే పని.

రూల్ ఏమిటంటే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా కమర్షియల్ ఏరియాలో 55 డెసిబెల్స్, ఇళ్ల మధ్య 45. మీ డాన్స్ ఫ్లోర్ మీద వంద దాటుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ కొలత 'ఏ' వెయిటింగ్‌లో తీస్తారు. అంటే మనిషి చెవికి తగ్గట్టు బేస్‌ని తగ్గించి లెక్కేస్తారు, 50 హెర్ట్జ్ దగ్గర మీటరు ముప్పై డెసిబెల్స్ తీసేసి చూపిస్తుంది. కాబట్టి మీటర్ ప్రకారం మీరు పాస్ అయిపోవచ్చు, వెనక వీధిలో పెద్దావిడకి మాత్రం రాత్రంతా కిటికీ అద్దం దడదడలాడుతూనే ఉంటుంది. ఆవిడ ఫిర్యాదు న్యాయమైనదే. ఇందిరానగర్‌లో పబ్బుల గొడవ హైకోర్టు దాకా వెళ్లిందంటే ఊరికే వెళ్లలేదు.

అందుకని లీజు మీద సంతకం పెట్టే ముందే ఒక పరీక్ష చేయించండి. రెండు సబ్ ఊఫర్లు (బేస్ కోసం వాడే పెద్ద స్పీకర్లు) అద్దెకి తెచ్చి, చుట్టుపక్కలవాళ్లకి ముందే చెప్పి, ఖాళీ హాల్‌లో కాసేపు బేస్ ప్లే చేయండి. మీరు లోపల ఉండకండి. బయట తిరగండి. వీధిలో తిరిగితే చాలదు, వెనకింటివాళ్లని అడిగి మేడ ఎక్కండి. ఒక హాల్‌కి ఇలా చేసినప్పుడు వీధిలో నిలబడితే దాదాపు ఏమీ వినపడలేదు. అందరూ సంబరపడ్డారు. వెనక మూడో అంతస్తు డాబా మీదికి వెళ్తే ప్లాస్టిక్ నీళ్ల ట్యాంక్ మూత ప్రతి బీట్‌కీ బుర్రుమంటోంది. చెయ్యి పెట్టి నొక్కితే ఆగింది, తీస్తే మళ్లీ మొదలు. శబ్దం కప్పులోంచి లేచి నేరుగా అక్కడికి చేరుతోంది. ఆ ఒక్క మూత చూశాక డిజైన్ మొత్తం మార్చారు. కొలిచేటప్పుడు బేస్‌ని అంతగా తగ్గించకుండా లెక్కేసే 'సీ' వెయిటింగ్ రీడింగ్ కూడా తీయించుకోండి, బేస్ సంగతి అందులోనే తెలుస్తుంది.

పరిష్కారం గదిలో గది. హాల్ లోపల నేల మీద నుంచే లేచే విడి ఇనుప చట్రం, దానికి సొంత పునాదులు. ఆ చట్రం మీద రెండు మూడు పొరల సిమెంట్ బోర్డు, జిప్సం బోర్డుతో రెండో కప్పు. పాత కప్పుకీ దీనికీ మధ్య గాలి, రాక్ వూల్ (రాతిని కరిగించి తీసిన, నిప్పంటుకోని పీచు). రెండూ ఎక్కడా ఒకదాన్నొకటి తాకకూడదు, తాకిన చోటల్లా బేస్ దాటుతుంది. స్పీకర్లు, లైట్లు ఈ కొత్త చట్రానికే వేలాడాలి. పాత ట్రస్సుకి ఒక్క కిలో కూడా అదనంగా తగిలించవద్దు, అవి రేకు బరువుకి లెక్కేసి చేసినవి. సిమెంట్ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి వాటికి డ్రిల్లు పెట్టడం, పగలగొట్టడం అసలు వద్దు. ఇలా చేస్తే ఎత్తులో ఒకటి రెండు మీటర్లు పోతాయి, మిగతాదంతా మీ చేతిలో ఉంటుంది. న్యూయార్క్‌లోని పల్లాడియం క్లబ్ కూడా ఈ పద్ధతే. 1927 నాటి పాత హాల్ లోపల ఆర్కిటెక్ట్ అరాటా ఇసోజాకి 1985లో కొత్త నిర్మాణాన్ని విడిగా నిలబెట్టాడు. పాత గోడల పనితనం చుట్టూ అలాగే కనపడేది. తర్వాత ఆ భవనాన్నే కూలగొట్టి యూనివర్సిటీ హాస్టల్ కట్టారు, అది వేరే బాధ.

లోపలి సౌండ్ గురించి ఒక మాట. మైకులు లేని రోజుల్లో కట్టిన నాటకశాలల్లో పద్యం రాగం తీస్తే చివరి బెంచీ దాకా వినపడేది. 1896 నాటి ఎగ్మోర్ మ్యూజియం థియేటర్‌లో కూర్చుంటే ఆ గుణం తెలుస్తుంది. సినిమా హాళ్లలో గోడలకి మెత్తటి బోర్డులు వేసి దాన్ని తగ్గించారు. ఇప్పుడు మీరు ఎనిమిది వందల కుషన్ కుర్చీలు తీసేస్తున్నారు. శబ్దాన్ని ఎక్కువగా పీల్చేది ఆ కుర్చీలే. అవి పోగానే హాల్ బావిలా మోగుతుంది. శనివారం జనం నిండితే వాళ్ల ఒంట్లే ఆ పని చేస్తాయి, మంగళవారం యాభైమంది వస్తే చెయ్యవు. కాబట్టి శబ్దాన్ని పీల్చే ట్రీట్‌మెంట్ లెక్క ఖాళీ హాల్‌కి వేయించండి. బేస్‌ని పీల్చాలంటే లోతు కావాలి. తెర వెనక ఖాళీ, బాల్కనీ కింది వెనక గోడ, ఈ రెండూ బేస్ ట్రాపులకి పెట్టి పుట్టిన చోట్లు.

ఇక బాల్కనీ. కొట్టేయొద్దన్నాను, అలాగని దాని మీద జనాన్ని ఆడించనూ వద్దు. భవనాలు మోయాల్సిన భారాలు చెప్పే మన ఐఎస్ 875 కోడ్ ప్రకారం బిగించిన సీట్లున్న హాల్‌కి చదరపు మీటరుకి 4 కిలోన్యూటన్ల (దాదాపు నాలుగు వందల కిలోల) భారం లెక్కేస్తారు, సీట్లు లేకుండా జనం నిలబడే చోటికి 5. అంటే సీట్లు తీసేసిన క్షణమే మీ బాల్కనీ లెక్క ప్రకారం బలహీనం. అసలు ప్రమాదం ఇంకొకటి. క్లబ్ పాటలు నిమిషానికి 120 బీట్లకి అటూ ఇటూగా ఉంటాయి, అంటే సెకనుకి రెండు. అంతమందీ సెకనుకి రెండుసార్లు ఒకేసారి ఎగిరితే, ముందుకు చాచుకుని ఉన్న బాల్కనీ ఆ లయకి ఊగడం మొదలుపెట్టవచ్చు. మన తెలుగువాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పెద్ద హీరో సినిమా మొదటిరోజు బెనిఫిట్ షోలో, పాట రాగానే బాల్కనీ రెయిలింగ్ మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లకి ఆ కదలిక తెలుసు. కాళ్లకంటే ముందు అరచేతికి తెలుస్తుంది. అది మూడు నిమిషాల పాట. మీది రాత్రి ఒంటిగంట దాకా, వారానికి ఆరు రోజులు.

బాల్కనీలో సీట్లు ఉంచండి. సగం తీసి టేబుళ్లు వేసినా మెట్లు మాత్రం చదును చేయకండి. మెట్ల మీద ఎవరూ ఎగరరు, కూర్చుని కిందికి చూస్తారు. కింద ఆడేవాళ్లని పైనుంచి చూడటమే థియేటర్ క్లబ్‌లో ఉన్న మజా. స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో కాంక్రీట్ బలం, కమ్మీల తుప్పు చూపించి, కదలికని కొలిచే యాక్సిలరోమీటర్ పెట్టించి బాల్కనీ సహజంగా ఎంత వేగంతో ఊగుతుందో కొలిపించండి. "చూస్తే గట్టిగానే ఉంది సార్" అన్న సర్టిఫికెట్ ఒప్పుకోవద్దు.

చట్రం పునాదుల చోట తప్ప కింది ఏటవాలు నేలని కూడా తవ్వించకండి. దాని మీద స్టీలు, ప్లైవుడ్‌తో మెట్లు మెట్లుగా వేదికలు వేస్తే, తెర ముందు పల్లంలో డాన్స్ ఫ్లోర్, వెనక్కి వచ్చేకొద్దీ ఎత్తులో బార్, టేబుళ్లు. ప్రొజెక్టర్ రూమ్‌ని లైట్లు, విజువల్స్ కంట్రోల్‌కి వాడండి. ఒకప్పుడు ఫిల్మ్ తేలిగ్గా అంటుకునేది కాబట్టి ఆ గదికి దళసరి గోడలు, చిన్న కిటికీలు పెట్టేవారు, గది ఇప్పటికీ పనికొస్తుంది. సౌండ్ ఇంజనీర్‌ని మాత్రం అక్కడ కూర్చోబెట్టవద్దు, జనం మధ్యలోనే ఉండాలి.

నిప్పు సంగతి కాస్త గట్టిగా చెప్తాను. 2003లో అమెరికా రోడ్ ఐలాండ్‌లోని స్టేషన్ క్లబ్‌లో 100 మంది, 2013లో బ్రెజిల్ కిస్ క్లబ్‌లో 242 మంది, 2015లో బుకారెస్ట్ కొలెక్టివ్‌లో 64 మంది చనిపోయారు. మూడు చోట్లా ఒకటే కథ. లోపల కాల్చిన బాణసంచా నిప్పురవ్వ, శబ్దం కోసం అంటించిన చవక ఫోమ్. కిస్‌లో అయితే బిల్లు కట్టకుండా పోతున్నారనుకుని మొదట గార్డులు తలుపు దగ్గర జనాన్ని ఆపారు. మన దగ్గర 1997లో ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో పొగకి 59 మంది పోయారు. ఎక్కువమంది బాల్కనీలో ఇరుక్కున్నవాళ్లే, అక్కడ ఒకవైపు దారిని అదనపు సీట్లతో మూసేశారు. అందుకే ఫోమ్ బదులు రాక్ వూల్ వాడండి. ఏ బట్టకైనా, బోర్డుకైనా ఫైర్ టెస్ట్ సర్టిఫికెట్ లేకుండా లోపలికి రానివ్వకండి. బాటిల్‌కి గుచ్చే నిప్పురవ్వల కాండిల్స్ కూడా వద్దు, పుట్టినరోజు పార్టీ వాళ్లు బతిమాలినా వద్దు.

ఇక్కడ పాత థియేటర్ మీకు పెద్ద మేలు చేస్తుంది. ఆట వదలగానే నేరుగా సందులోకి తెరుచుకునే పక్క తలుపులు ప్రతి హాల్‌కీ ఉంటాయి. మామూలు పబ్‌కి ఒక లిఫ్టు, ఒక ఇరుకు మెట్లు. కానీ మూతపడ్డ హాళ్లలో ఆ సందుని ఎవరో ఒకరు ఆక్రమించి ఉంటారు. టీ బంకు, బైకుల పార్కింగ్, పాత సామాన్ల గోడౌన్. ఎంతమందిని లోపలికి పంపాలన్నది ఆ తలుపుల వెడల్పుని బట్టి తేల్చుకోవాలి. నిలబడితే రెండువేలమంది పట్టే హాలే కావచ్చు, తలుపులు తొమ్మిది వందలకి సరిపోతే మీ క్లబ్ తొమ్మిది వందలదే. బాల్కనీకి విడిగా రెండు దారులు లేకపోతే బాల్కనీ తెరవకండి.

లైసెన్సుల్లో ముఖ్యమైనవే చెప్తాను. ఓనర్ దగ్గరున్న సినిమా లైసెన్సు మీకు పనికిరాదు. భవనం వాడకం మార్పుకి అనుమతి, కొత్త ఫైర్ ఎన్‌ఓసీ కావాలి. మద్యానికి సీఎల్-9 అనే బార్ లైసెన్సు. కర్ణాటకలో ఇవి కొత్తగా ఇవ్వడం దశాబ్దాల కిందటే ఆపేశారు కాబట్టి ఉన్నవాళ్ల దగ్గర బదిలీ చేయించుకోవడమే చాలాకాలంగా అలవాటు, దాని రేటే ఒక్కోసారి ఇంటీరియర్ ఖర్చుని మించుతుంది. గుడి, చర్చి, మసీదు, బడి, ఆసుపత్రి వంద మీటర్లలో ఉండకూడదు. కంటోన్మెంట్‌లో చర్చిలు, స్కూళ్లు అడుగడుగునా ఉంటాయి, టేపు పట్టుకుని ముందే కొలుచుకోండి. డాన్స్, లైవ్ మ్యూజిక్‌కి 2005 ఉత్తర్వు కింద పోలీస్ లైసెన్సు తప్పనిసరి. దాన్ని సవాలు చేస్తే 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. రాత్రి ఒంటిగంటకి మూత, 21 ఏళ్ల లోపువాళ్లకి మద్యం లేదు. వ్యాపార లెక్కలు ఈ గంటల్లోనే వేసుకోండి.

చెన్నై గురించి: అక్కడ ఈ ఆలోచన దాదాపు కుదరదు. తమిళనాడులో బార్‌కి ఎఫ్ఎల్-3 లైసెన్సు హోటళ్లకి ఇస్తారు, ఎఫ్ఎల్-2 మెంబర్ల క్లబ్బులకి. విడి థియేటర్‌లో విడి నైట్ క్లబ్ పెట్టే దారి లేదు, అందుకే అక్కడి డిస్కోలు చాలావరకు హోటళ్ల లోపలే. పార్క్ హోటల్‌లో పాషా క్లబ్ ఉన్న స్థలం ఒకప్పటి వాసన్ గారి జెమినీ స్టూడియో, కానీ పాత స్టూడియో భవనం అక్కడ మిగల్లేదు. మన రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1914లో కట్టించిన గెయిటీ కూడా లేదు. భారతీయుడి సొంతంగా మద్రాసులో వెలిసిన మొదటి సినిమా హాల్ అది. దాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మీరు బెంగళూరులోనే ప్రయత్నించండి.

చివరిగా లీజు. పాత గోడకి, ప్లాస్టర్ పనికి, స్టేజీ చట్రానికి శాశ్వతంగా ఏదీ బిగించం, వెళ్లేటప్పుడు విప్పుకుని పోతాం అన్న షరతు మీ అంతట మీరే రాయించండి. ఓనర్‌కి ధైర్యం వస్తుంది, అద్దె బేరంలో పనికొస్తుంది. రేపు ఎవరైనా అక్కడ మళ్లీ సినిమా వెయ్యాలన్నా, నాటకం ఆడాలన్నా హాల్ సిద్ధంగా ఉంటుంది. గదిలో గది పద్ధతికి ఖర్చు ఎక్కువ కాబట్టి కనీసం తొమ్మిదేళ్ల లీజు, మొదటి ఐదేళ్లు ఓనర్ ఖాళీ చేయించకుండా లాక్-ఇన్ అడగండి. పక్క సందు, అందులోకి తెరుచుకునే ప్రతి తలుపూ లీజు షెడ్యూల్‌లో కొలతలతో సహా ఉండాలి. ఆ సందు ఖాళీ చేయించి అప్పగించాకే అద్దె మొదలవుతుందని రాయించండి. బాల్కనీ రిపోర్టు, బేస్ పరీక్ష రిపోర్టు చేతికొచ్చాక హాల్ కొలతలతో కలిపి ఇక్కడ పెట్టండి, అప్పుడు ఖర్చు గురించి మాట్లాడదాం.